స్తంభం పైన ప్రాణం, ఫోనులో భరోసా

కరెంటు తీసేశారన్న నమ్మకంతో ఎక్కిన లైన్‌మన్ శవమై దిగుతున్నాడు. నిబంధనలు లేక కాదు, వాటిని రాసిన కాగితం స్తంభం దాకా చేరక

సాయంత్రం ఆరున్నర. గాలివాన అప్పుడే వెలిసింది. ఊరంతా చీకటి. ఊరి చివర 11 కెవి లైను మీద వేప కొమ్మ ఒకటి విరిగి వేలాడుతోంది. సర్పంచ్ ఒకసారి, రైసుమిల్లు యజమాని రెండుసార్లు, పై అధికారి మూడుసార్లు ఫోన్ చేశాక లైన్‌మన్ తన మోటార్‌సైకిల్‌ను స్తంభం పక్కన ఆపుతాడు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ కలుపుతాడు. ''అన్నా, మూడో నంబరు ఫీడర్ ఎల్‌సి కావాలె.'' అవతలి నుంచి జవాబు: ''ఆగు తమ్మీ, ఇంకో ఫోన్ మోగుతున్నది... ఆఁ, తీసేసిన. ఎక్కు.''

తెలంగాణలో అయితే మాట ఇలా ఉంటుంది. కోస్తాలో అయితే ''తీసేశా, ఎక్కెయ్ తమ్ముడూ'' అంటారు. యాస మారినా సంభాషణ నిడివి మాత్రం మారదు. అర నిమిషం కూడా పట్టని ఆ మాటను నమ్మి ఒక మనిషి 11,000 వోల్టుల తీగను చేత్తో పట్టుకోవడానికి సిద్ధమవుతాడు. సబ్‌స్టేషన్‌లో ఉన్న మనిషికి స్తంభం కనిపించదు. స్తంభం మీదున్న మనిషికి స్విచ్ కనిపించదు. ఇద్దరి మధ్య ఉన్నది ఒక ఫోన్ కాల్ మాత్రమే.

ఎక్కువ రోజుల్లో ఏమీ కాదు. కొమ్మ కింద పడుతుంది, ఊళ్లో దీపాలు వెలుగుతాయి, లైన్‌మన్ ఇంటికి వెళ్లి అన్నం తింటాడు. కానీ ఆపరేటర్ మూడో నంబరు బదులు నాలుగో నంబరు ఫీడర్ తీసిన రోజున, లేదా పని అయిపోయిందనుకుని మధ్యలోనే స్విచ్ వేసిన రోజున, మర్నాటి పత్రికల జిల్లా పేజీలో నాలుగు వాక్యాల వార్త వస్తుంది: 'ఎల్‌సి తీసుకున్నా సరఫరా, లైన్‌మన్ మృతి'. జిల్లా పేరు మాత్రమే మారే వార్త ఇది. హిందీ పత్రికల్లోనూ ఇదే వార్త 'షట్‌డౌన్ తీసుకున్నా...' అంటూ మొదలవుతుంది.

జాతీయ నేర నమోదు సంస్థ (ఎన్‌సిఆర్‌బి) లెక్కల ప్రకారం 2021 ఒక్క సంవత్సరంలోనే దేశంలో విద్యుదాఘాతంతో మరణించినవారు 12,500 మందికి పైనే. ఇందులో పొలంలో తెగిపడ్డ తీగ తొక్కిన రైతులున్నారు, ఇంట్లో తడి చేతులతో మోటార్ స్విచ్ వేసినవారున్నారు, కరెంటు పనే జీవనోపాధి అయినవారూ ఉన్నారు. ఆ పట్టికలో లైన్‌మన్లకు ప్రత్యేకంగా ఒక గడి లేదు. కానీ మిగతా మరణాలకూ వీరి మరణాలకూ ఒక తేడా ఉంది. మిగతావారికి కరెంటు ఎదురుపడింది. వీరికి కరెంటు లేదని ఎవరో హామీ ఇచ్చారు.

మూడు పేర్లు, ఒకే కాగితం

ఆంధ్ర, తెలంగాణల్లో దీన్ని 'లైన్ క్లియర్' అంటారు, పొట్టిగా ఎల్‌సి. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో ఇదే 'షట్‌డౌన్'. కేరళ, పంజాబ్‌లలో 'పర్మిట్ టు వర్క్'. పేరు ఏదైనా సారాంశం ఒకటే. ఫలానా లైను మీద, ఫలానా వ్యక్తి, ఫలానా గంట నుంచి పనిచేస్తాడు; అతను స్వయంగా వెనక్కి ఇచ్చేదాకా ఆ లైనుకు ఎవరూ సరఫరా ఇవ్వకూడదు. ఎల్‌సి తీసుకున్న వ్యక్తి పేరు, సమయం, ఫీడర్ పేరు, తీసిన స్విచ్‌లు సబ్‌స్టేషన్ రిజిస్టర్‌లో నమోదు కావాలి. స్విచ్‌కు తాళం పడాలి. 'మనుషులు పనిచేస్తున్నారు' అన్న బోర్డు వేలాడాలి.

ఇది కొత్తగా కనిపెట్టిన నియమమేమీ కాదు. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లోనే 36వ నిబంధన ఈ సంగతి చెప్పింది. తీగను తాకే ముందు దానిలోని విద్యుత్తును ఎర్తింగ్ ద్వారా గానీ, తగిన మరో పద్ధతిలో గానీ తొలగించాలి. పని జరుగుతుండగా పొరపాటున కూడా అందులోకి విద్యుత్తు ప్రవహించకుండా జాగ్రత్త పడాలి. 2003లో విద్యుత్ చట్టం వచ్చింది. దాని 53వ సెక్షన్ కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ (సిఇఎ) 2010లో భద్రతా నిబంధనలను తెచ్చింది. 2023లో వాటి స్థానంలో మరో కొత్త నిబంధనావళి వచ్చింది. పుస్తకం మూడుసార్లు మారినా మూలసూత్రం మారలేదు.

2010 నాటి నిబంధనలు పనిముట్ల జాబితా కూడా ఇచ్చాయి: చేతి తొడుగులు, రబ్బరు బూట్లు, నడుము బెల్టు, నిచ్చెన, ఎర్తింగ్ సామగ్రి, హెల్మెట్, లైన్ టెస్టర్, తాడు. ఇవ్వడమే కాదు, అవి ఎప్పుడూ పనిచేసే స్థితిలో ఉండాలని కూడా చెప్పాయి. కరెంటు ఉన్న లైను మీద అందుకు ప్రత్యేకంగా నియమితుడైన వ్యక్తి తప్ప ఇంకెవరూ పనిచేయకూడదనీ, అతనికి సాయపడనూ కూడదనీ స్పష్టం చేశాయి. అలా నియమించిన వ్యక్తుల పేర్లతో ప్రతి సరఫరా సంస్థా ఒక రికార్డు నిర్వహించాలి.

కాగితం మీద చూస్తే ఎక్కడా లొసుగు కనిపించదు. లొసుగల్లా కాగితానికీ స్తంభానికీ మధ్య ఉన్న కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉంది.

లేదనుకున్న చోటే ఉంది

33/11 కెవి సబ్‌స్టేషన్‌లో స్విచ్ తీస్తే లైను నిర్జీవం అయిపోతుందని బయటివారు అనుకుంటారు. లైన్‌మన్లలో పాతకాపులు అలా అనుకోరు. తీసిన లైనులోకి కరెంటు రావడానికి ఎన్ని దారులున్నాయో వారికి తెలుసు.

మొదటి దారి, తప్పు ఫీడర్. ఒకే సబ్‌స్టేషన్ నుంచి నాలుగైదు ఫీడర్లు బయల్దేరతాయి. కొంత దూరం రెండు ఫీడర్లు ఒకే స్తంభాల మీద సాగుతాయి. పొలాల్లో ఒక లైను మీదుగా ఇంకోటి దాటుతుంది. సాగుకు ఒక ఫీడర్, ఊరికి ఒక ఫీడర్ ఉన్నచోట చీకట్లో ఏ తీగ దేనిదో గుర్తుపట్టడం అలవాటున్నవాడికి కూడా కష్టమే. ఒక దానికి ఎల్‌సి తీసుకుని ఇంకో దాన్ని తాకడం ఇలాగే జరుగుతుంది.

రెండో దారి, సగమే తెరుచుకున్న స్విచ్. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె దగ్గర ఉండే ఎబి స్విచ్‌ను కింది నుంచి హ్యాండిల్‌తో లాగుతారు. మూడు ఫేజుల బ్లేడ్లూ ఒకేసారి విడిపోవాలి. తుప్పు పట్టిన స్విచ్‌లో రెండు విడిపోయి మూడోది అతుక్కునే ఉంటుంది. కింది నుంచి చూస్తే, అందులోనూ రాత్రిపూట, అది తెలియదు. హ్యాండిల్ కిందికి దిగింది కాబట్టి కరెంటు పోయిందనుకుంటారు.

మూడో దారి మరీ విచిత్రమైనది. అది వెనక నుంచి వస్తుంది. ఊళ్లో కరెంటు పోగానే ఏ ఫంక్షన్ హాలులోనో, కోళ్ల ఫారంలోనో జనరేటర్ మొదలవుతుంది. చేంజోవర్ స్విచ్ సరిగా లేకపోతే ఆ జనరేటర్ కరెంటు ఇంటి తీగల్లోంచి వీధి తీగల్లోకి, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పాకుతుంది. 11,000 వోల్టులను ఇంటి వోల్టేజికి దించే ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేసే యంత్రం. ఇటు నుంచి 230 వోల్టులు ఇస్తే అటు వేల వోల్టులు తయారవుతాయి. సబ్‌స్టేషన్ ఆపరేటర్ నిజాయితీగానే స్విచ్ తీశాడు, తాళం వేశాడు, బోర్డు తగిలించాడు. అయినా స్తంభం మీద మనిషి పోతాడు. ఎవరో తన పెళ్లి విందు కోసం వేసుకున్న లైట్లు ఇంకొకరి ఇంట్లో దీపం ఆర్పాయని ఆ హాలు యజమానికి బహుశా ఎప్పటికీ తెలియదు.

మనిషి దేహానికి ఎంత కరెంటు చాలు? ఒక మిల్లీఆంపియర్ దగ్గర చురుక్కుమంటుంది. పది దాటితే కండరాలు బిగుసుకుని పట్టుకున్న తీగను వదల్లేని స్థితి వస్తుంది. 100 మిల్లీఆంపియర్ల దగ్గర గుండె లయ తప్పి గిలగిలలాడుతుంది. ఇంట్లో వెలిగే చిన్న బల్బు ఇంతకంటే ఎక్కువ కరెంటు తీసుకోగలదు. ఆ మాటకొస్తే, గుండె ఆగినవారి ఛాతీ నొక్కి బతికించే ప్రథమ చికిత్స, లోకమంతా ఇప్పుడు 'సిపిఆర్' అంటున్నది, పుట్టడానికి లైన్‌మన్ల చావులు కూడా ఒక కారణం. అమెరికా విద్యుత్ కంపెనీలు తమ కార్మికుల మరణాలు తగ్గించుకోవడానికి డబ్బిచ్చి చేయించిన పరిశోధనల్లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం కౌవెన్‌హోవెన్ పాలుపంచుకున్నారు. ఆయన డాక్టర్ కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీర్. ఆయన బృందం 1960లో ఆ పద్ధతిని ప్రపంచానికి చెప్పింది. లైన్‌మన్ల పుణ్యాన లోకానికి దక్కిన ఆ విద్య మన లైన్‌మన్లలో ఎంతమందికి నేర్పారన్నది డిస్కంలు వేసుకోవలసిన ప్రశ్న.

ఐదు మెట్లు

ఈ దారులన్నిటికీ ఒకే అడ్డుకట్ట ఉంది. జర్మనీలో ఎలక్ట్రీషియన్ పనిలో చేరే ప్రతి కుర్రాడికీ మొదటి రోజుల్లోనే ఐదు సూత్రాలు వల్లె వేయిస్తారు. వాటిని మన భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటాయి.

ఒకటి: సరఫరాను అన్ని వైపుల నుంచీ తెంచు.
రెండు: మళ్లీ ఎవరూ వేయకుండా తాళం వెయ్యి.
మూడు: కరెంటు లేదని టెస్టర్‌తో స్వయంగా చూడు.
నాలుగు: తీగలన్నిటినీ కలిపి భూమికి కట్టు.
ఐదు: పక్కనే కరెంటు ఉన్న భాగాలుంటే వాటిని కప్పు, లేదా కంచె వెయ్యి.

మన ఎల్‌సి పద్ధతిలోనూ ఇవన్నీ ఉన్నాయి. కానీ ఫోన్‌లో జరిగే ఎల్‌సిలో మొదటి మెట్టు ఒక్కటే ఉంటుంది, అదీ మాట రూపంలో. రెండోది ఆపరేటర్ ఓపికను బట్టి జరుగుతుంది. మూడు, నాలుగు మెట్లకు టెస్టర్, డిస్చార్జి రాడ్లు, ఎర్త్ గొలుసులు కావాలి. అవి తరచూ సెక్షన్ ఆఫీసు గదిలో బీరువాలో ఉంటాయి. మోటార్‌సైకిల్ మీద వచ్చిన మనిషి అంత పొడవాటి రాడ్లను ఎలా తెస్తాడన్నది నిబంధన రాసినవారు ఆలోచించని ప్రశ్న.

నిజానికి నాలుగో మెట్టే అన్నిటికంటే విలువైనది. పనిచేసే చోటుకు రెండు పక్కలా మూడు తీగలనూ కలిపి భూమికి కట్టేస్తే, ఆపరేటర్ పొరపాటున స్విచ్ వేసినా, జనరేటర్ వెనక నుంచి తోసినా కరెంటు మనిషి ఒంట్లోంచి కాకుండా ఆ గొలుసులోంచి భూమిలోకి పోతుంది. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ ఆ క్షణమే పడిపోతుంది. మొదటి మూడు మెట్లు ఎవరో ఒకరు తప్పు చేయకూడదని కోరతాయి. నాలుగోది మాత్రం తప్పు జరిగినా మనిషిని బతికిస్తుంది.

అయితే రెండు పక్కలా ఎర్త్ కట్టి, పని అయ్యాక విప్పడానికి సమయం పడుతుంది. ఒక కొమ్మ తీయడానికి ఐదు నిమిషాలు, దాని చుట్టూ జాగ్రత్తలకు అంతకు కొన్ని రెట్లు. కింద జేబులో ఫోన్ మోగుతూనే ఉంటుంది. 2020 డిసెంబరు 31న కేంద్రం తెచ్చిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం సరఫరా పునరుద్ధరణకు కాలపరిమితి ఉంది, అది దాటితే వినియోగదారుకు పరిహారం ఇవ్వాలి. వినియోగదారుకు ఇది న్యాయమే. కానీ డిస్కం చేతిలో ఉన్న గడియారం కరెంటు లేని నిమిషాలను లెక్కిస్తుందే తప్ప ఎర్త్ కట్టకుండా ఎక్కిన సందర్భాలను లెక్కించదు. ఏది లెక్కిస్తే అదే జరుగుతుంది.

తుపానుల వేళ ఈ ఒత్తిడి రెట్టింపవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని చీకట్లోకి నెట్టినప్పుడు, 2018లో తిత్లీ శ్రీకాకుళాన్ని ఊడ్చిపెట్టినప్పుడు ఇతర జిల్లాల సిబ్బందిని తరలించారు. లైన్లు వారికి కొత్త, ఆపరేటర్ గొంతు కొత్త, ఏ ఇంట్లో జనరేటర్ ఉందో తెలియదు. రాజకీయ నాయకులకూ, విలేకరులకూ (ఈ వ్యాసకర్తతో సహా) ఆ రోజుల్లో తోచే ప్రశ్న ఒకటే: కరెంటు ఎప్పుడొస్తుంది? ఎర్త్ కట్టారా అని అడిగినవారు లేరు.

జాబితాలో లేని మనిషి

నియమితుడైన వ్యక్తే పనిచేయాలని నిబంధన. మరి స్తంభం మీద నిజంగా ఉన్నది ఎవరు?

ఒక లైన్‌మన్ కింద రెండు మూడు ఊళ్లుంటాయి. వయసు యాభై దాటింది, మోకాళ్లు నొప్పి. ఊళ్లో ఐటిఐ చదివి ఖాళీగా ఉన్న కుర్రాడు ఒకడు తోడుగా వస్తాడు. మొదట తాడు అందిస్తాడు, తర్వాత ఫ్యూజు వేస్తాడు, ఆ తర్వాత స్తంభం ఎక్కుతాడు. నెలకు కొంత డబ్బు లైన్‌మన్ తన జేబులోంచి ఇస్తాడు. రేపెప్పుడో డిస్కంలో ఉద్యోగం రాకపోతుందా అన్న ఆశ ఆ కుర్రాడికి అసలు జీతం. ఏ రిజిస్టర్‌లోనూ అతని పేరు ఉండదు. ప్రమాదం జరిగిన రోజున సంస్థ రికార్డుల్లో అతను 'ప్రైవేటు వ్యక్తి'. కరెంటుకు ఈ తేడా తెలియదు.

కాంట్రాక్టు కార్మికుల పరిస్థితి ఇంతకంటే కాస్త మెరుగు. పేరు ఉంటుంది, అయితే అది కాంట్రాక్టరు పుస్తకంలో. 1999లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డును విడగొట్టి జెన్‌కో, ట్రాన్స్‌కోలను, మరుసటి ఏడాది పంపిణీ సంస్థలను ఏర్పాటు చేశాక ఖాళీలు భర్తీ కాకుండా మిగిలి, సబ్‌స్టేషన్ ఆపరేటర్ల నుంచి లైను పని దాకా చాలా భాగం ఇలాంటి చేతుల్లోకి వెళ్లింది. తెలంగాణ 2017లో 20 వేల మందికి పైగా కాంట్రాక్టు కార్మికులను 'ఆర్టిజన్లు'గా సంస్థల్లోకి తీసుకుంది. ఆంధ్రప్రదేశ్ 2019లో గ్రామ సచివాలయాల వ్యవస్థతో పాటు వేల సంఖ్యలో ఎనర్జీ అసిస్టెంట్లను నియమించింది. రెండు రాష్ట్రాల్లోనూ ఈ ఉద్యోగానికి స్తంభం ఎక్కే పరీక్ష తప్పనిసరి. ఎక్కడం వచ్చా అని అడిగే పరీక్ష ఉంది. ఎప్పుడు ఎక్కకూడదో తెలుసా అని అంత గట్టిగా అడిగే పరీక్ష ఇంకా రావాలి.

ఇక రైతులు. పొలంలో ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే, వరి ఎండుతుంటే లైన్‌మన్ కోసం ఎంతసేపు ఎదురుచూస్తారు? ఎబి స్విచ్ కిందికి లాగి, ఫ్యూజు తీగ చుట్టబోయిన రైతుకు అతుక్కుపోయిన మూడో బ్లేడు సంగతి తెలియదు. ఎల్‌సి అనే మాటే ఆయన విని ఉండడు. చట్టం దృష్టిలో ఆయన చేసింది అనధికార పని. ఊరి దృష్టిలో అది రోజూ అందరూ చేసే పని.

సముద్రం నేర్పిన పాఠం

అనుమతి కాగితం ఎక్కడ విఫలమవుతుందో ప్రపంచానికి తెలిసివచ్చింది విద్యుత్ రంగంలో కాదు, సముద్రం మీద. 1988 జులై 6న బ్రిటన్ ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద ఒక పంపు భద్రతా వాల్వును మరమ్మతు కోసం పగలు తీశారు. పని పూర్తి కాలేదు. ఆ సంగతి రాసిన పర్మిట్ ఉంది. కానీ షిఫ్టు మారినప్పుడు రాత్రి సిబ్బందికి దాని సమాచారం అందలేదు. రెండో పంపు మొరాయించడంతో మొదటి పంపును నడిపారు. గ్యాస్ ఎగదన్నింది. 167 మంది చనిపోయారు. లార్డ్ కల్లెన్ నేతృత్వంలోని విచారణ 1990లో ఇచ్చిన నివేదిక పర్మిట్ పద్ధతి అమలైన తీరును తీవ్రంగా తప్పుపట్టింది. పర్మిట్ లేక కాదు, అది చేతులు మారే చోట తెగిపోయినందువల్ల ప్రమాదం జరిగిందన్నది ఆ పాఠం.

మన సబ్‌స్టేషన్‌లో సాయంత్రం ఆపరేటర్ ఎల్‌సి ఇచ్చి రాత్రి ఆపరేటర్‌కు డ్యూటీ అప్పగించి వెళ్తాడు. ఫోన్‌లో ఇచ్చిన ఎల్‌సి రిజిస్టర్ ఎక్కకపోతే రాత్రి ఆపరేటర్‌కు ఆ ఫీడర్ ఎందుకు ఆగిందో తెలియదు. ఊళ్లోంచి ఫోన్ వస్తుంది. వేసి చూద్దామనుకుంటాడు. పైపర్ ఆల్ఫాకూ మన ఊరికీ మధ్య సముద్రాలున్నా తప్పు ఒక్కటే.

ఆ మరుసటి ఏడాది 1989లో బ్రిటన్ పనిస్థలాల విద్యుత్ నిబంధనలు తెచ్చింది. కరెంటు ఉండగా పనిచేయాలంటే మూడు షరతులు కలిసి రావాలి: కరెంటు తీయడం ఏ విధంగానూ వీలుకాకపోవాలి, ఉండగా పనిచేయడం సమంజసం కావాలి, గాయం కాకుండా తగిన జాగ్రత్తలుండాలి. అదే ఏడాది అమెరికా యంత్రాల మరమ్మతుకు 'తాళం-ట్యాగు' నిబంధన తెచ్చింది. ఎవరి తాళం వారిదే, తాళంచెవి పని చేసేవాడి జేబులోనే. ఈ చిన్న ఆలోచనలో ఉన్న తెలివి గమనించదగ్గది. అక్కడ స్విచ్ వేయడానికి ఫోన్‌లో మాట చాలదు, ప్రాణం పణంగా పెట్టిన మనిషి కిందికి దిగి రావాలి.

తెలిసి తాకేవారు

విశేషమేమిటంటే, కరెంటు ఉండగానే లైను మీద పనిచేసేవారు మన దేశంలో ఉన్నారు. వారిని హాట్‌లైన్ సిబ్బంది అంటారు. బెంగళూరు శివార్లలో జాతీయ విద్యుత్ శిక్షణ సంస్థకు చెందిన హాట్‌లైన్ శిక్షణ కేంద్రం ఉంది. అక్కడ పొడవాటి ఇన్సులేటెడ్ కర్రలతో పనిచేయడం నేర్పుతారు. 400 కెవి లైన్ల మీద అయితే లోహపు పోగులు అల్లిన దుస్తులు వేసుకుని, ఇన్సులేటెడ్ నిచ్చెన మీద తీగ దగ్గరికి చేరి, తామూ ఆ తీగ వోల్టేజిలోనే ఉండి చేతులతోనే పనిచేస్తారు. తీగ మీద వాలిన పిచ్చుకకు షాక్ తగలని సూత్రమే ఇది.

వినడానికి ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ బృందంలో ప్రతి కదలికకూ ముందే ప్రణాళిక ఉంటుంది, దూరాలు కొలిచి ఉంటాయి, తేమ చూసుకుంటారు, కింద ఒక పర్యవేక్షకుడు కళ్లార్పకుండా చూస్తుంటాడు. కరెంటు ఉందని వారికి తెలుసు కాబట్టి అంత జాగ్రత్త. మన ఊరి లైన్‌మన్‌కు కరెంటు లేదని చెప్పారు కాబట్టి చేతి తొడుగులు కూడా లేవు. ఒక్క ముక్కలో చెప్పాలంటే, పరీక్షించి ఎర్త్ కట్టేదాకా ప్రతి తీగలోనూ కరెంటు ఉన్నట్టే. ఈ ఒక్క వాక్యం ఒంటపట్టడానికే శిక్షణ అంతా.

చావు తర్వాత

ప్రమాదం జరిగితే చట్టం కొన్ని పనులు చేయాలంటుంది. విద్యుత్ చట్టం 161వ సెక్షన్ ప్రకారం విద్యుత్ తనిఖీ అధికారికి సమాచారం ఇవ్వాలి. ప్రభుత్వం విచారణ జరిపించవచ్చు. పోలీసులు కేసు రాస్తారు. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే పాత శిక్షాస్మృతిలో 304ఎ సెక్షన్ రెండేళ్ల దాకా శిక్ష చెప్పేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ దాన్ని ఐదేళ్ల దాకా పెంచింది. కేసులో నిందితుడు ఎవరవుతారన్నది ఊహించడం కష్టం కాదు: స్విచ్ వేసిన ఆపరేటర్. అతనూ బహుశా చిరుజీతపు మనిషే. తాళం ఎందుకు లేదు, రాడ్లు ఎందుకు బీరువాలో ఉన్నాయి, ఒకే మనిషికి మూడు ఊళ్లెందుకు అన్న ప్రశ్నలు పై మెట్టు ఎక్కకుండానే ఆగిపోతాయి.

బాధిత కుటుంబాలకు సాధారణంగా వినిపించే మొదటి మాట, 'గ్లవ్స్ వేసుకోలేదు, తప్పు అతనిదే' అన్నది. ఈ మాట విని వెనక్కి తగ్గాల్సిన పనిలేదు. 1923 నాటి పరిహార చట్టం ప్రకారం కార్మికుడు భద్రతా పరికరాలను కావాలనే పక్కన పెట్టాడన్న వాదన మరణించిన సందర్భంలో యజమానికి పనికిరాదు. పరిహారం చెల్లించాల్సిందే. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ కూడా ఇదే సూత్రాన్ని కొనసాగించింది. కాంట్రాక్టరు మనిషి అన్న వంక కూడా చెల్లదు. పని ఎవరిదో ఆ ప్రధాన యజమాని ముందు చెల్లించి తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చు. సామాన్య ప్రజల విషయంలో సుప్రీంకోర్టు 2002లో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో ఇంకా స్పష్టంగా చెప్పింది. తెగిపడ్డ తీగ వల్ల మనిషి చనిపోతే, నిర్లక్ష్యం రుజువైనా కాకపోయినా, ప్రమాదకరమైన వస్తువుతో వ్యాపారం చేస్తున్న సంస్థదే బాధ్యత.

పొరుగున పాకిస్థాన్‌లో విద్యుత్ నియంత్రణ సంస్థ నెప్రా మరో దారి తొక్కింది. ప్రజలతో పాటు సొంత సిబ్బంది మరణాలకూ పంపిణీ సంస్థలను జవాబుదారీ చేసి జరిమానాలు వేస్తోంది, కుటుంబాలకు పరిహారం ఇవ్వాలని ఆదేశిస్తోంది. అక్కడ మరణాలు ఆగిపోయాయని కాదు. కానీ చావు సంస్థ ఖాతాలో ఖర్చుగా కనిపించడం మొదలైంది.

యాప్‌తో అయ్యే పనేనా

మార్పు బొత్తిగా లేదని కాదు. కొన్నిచోట్ల ఎల్‌సిలను మొబైల్ యాప్ ద్వారా ఇస్తున్నారు. అడిగిన సమయం, ఇచ్చిన సమయం, ఎవరు ఎవరికి ఇచ్చారన్నది చెరిపేయలేని రీతిలో నమోదవుతుంది. లైను తిరిగి కలపాలంటే ఎక్కిన మనిషి దగ్గరున్న సంకేత సంఖ్య కావాలి. అమెరికా 'తాళంచెవి' ఆలోచనకు ఇది ఫోన్ రూపం. తీగ దగ్గరికి చేరితే కూత పెట్టే హెల్మెట్లు వచ్చాయి. ఏటా మార్చి 4న సిఇఎ 'లైన్‌మన్ దివస్' జరుపుతోంది.

ఇవన్నీ మంచివే. అయితే యాప్ ఫోన్‌లోని మాటకు రుజువు ఇస్తుందే తప్ప అతుక్కుపోయిన బ్లేడును చూడలేదు, ఫంక్షన్ హాలు జనరేటర్‌ను ఆపలేదు. ఆ పని టెస్టర్, ఎర్త్ గొలుసులు మాత్రమే చేయగలవు. వాటిని మోటార్‌సైకిల్ మీద తీసుకెళ్లేలా చిన్నవిగా, ప్రతి బృందానికీ ఒక జత చొప్పున ఇవ్వడం, స్తంభం దగ్గరికి ఒంటరిగా ఎవరినీ పంపకపోవడం, ఎర్త్ కట్టిన ఫొటో లేనిదే పని మొదలుపెట్టకూడదనడం కొత్త పరిశోధనలు అవసరమైన విషయాలు కావు. ఎర్త్ కట్టకుండా ఎక్కనని చెప్పిన లైన్‌మన్‌ను ఆలస్యం చేశాడని మందలించకుండా ఉండటం అన్నిటికంటే చవకైన సంస్కరణ.

మనవైపు నుంచి కూడా ఒకటుంది. ఇంట్లో, దుకాణంలో జనరేటర్ ఉంటే దానికి సరైన చేంజోవర్ స్విచ్ ఉందో లేదో ఒకసారి ఎలక్ట్రీషియన్‌కు చూపించడం. కరెంటు పోయిన ఐదో నిమిషంలో లైన్‌మన్‌కు నాలుగో ఫోన్ చేయకుండా ఉండటం.

చీకట్లో స్తంభం మీద ఉన్న మనిషి జేబులో ఫోన్ మోగినప్పుడు అతనికి రెండు చేతులే ఉంటాయి. ఒక చేత్తో స్తంభాన్ని పట్టుకుంటాడు. రెండో చేత్తో తీగను పట్టుకోవాలి. మూడో చెయ్యి లేదు కాబట్టే అతని తరఫున స్విచ్‌కు తాళం వేసే బాధ్యత కింద ఉన్నవారిదయింది. ఎల్‌సి అంటే ఆ తాళమే. అది మాటగా మిగిలినంత కాలం జిల్లా పేజీలో ఆ నాలుగు వాక్యాల వార్త వస్తూనే ఉంటుంది.